పొద్దుటిపూట తెరుచుకోని షట్టరు

పోయిన నెలలో మా మేనకోడలి కూతురు, శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్న పిల్ల, ఎక్కడో ఆన్‌లైన్‌లో కొన్నానంటూ ఒక పాత రీలు కెమెరా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. చేతిలో అంత మంచి ఫోను ఉండగా ఇదెందుకే అంటే, ఇప్పుడు మళ్ళీ ఇవే ఫ్యాషను అమ్మమ్మా అంది. అరచేతిలో ఇమిడే చిన్న కెమెరా, అచ్చం ఒకప్పుడు నా దగ్గర ఉన్నదాని చెల్లెలిలా ఉంది. పాపం షట్టరు పడడం లేదట, ఇంట్లో అందరూ తలో చెయ్యీ వేసి చూసి వదిలేశారట. నేను దాన్ని తీసుకుని వెనక తలుపు తెరిచాను. రీలు లేకుండా నొక్కితే కొన్ని కెమెరాలు పలకవు, లోపలున్న పళ్ళచక్రాన్ని వేలితో తిప్పి బిగించుకోవాలి. అలా తిప్పి, కిటికీ వెలుగు వైపు పట్టి, మీట నొక్కాను. గుండ్రటి వెలుగు ఒక్క రెప్పపాటు మెరవాలి. మెరవలేదు. లోపల షట్టరు రెక్కలు అంటుకుపోయి ఉన్నాయి.

నీకివన్నీ ఎలా తెలుసు అని ఆ పిల్ల నోరు తెరిచింది. ఏళ్ళ తరబడి పెట్టెలో పడి ఉండి పట్టేసిందే, ఎవరి తప్పూ కాదు అని చెప్పి, దూదితో తుడిచి ఇచ్చాను. ఆ 'ఎవరి తప్పూ కాదు' అన్న మాట నా నోటినుంచి వచ్చాక మాత్రం చాలాసేపు నేను మామూలు మనిషిని కాలేకపోయాను. మన ఈడు వాళ్ళతో చెప్పుకోవలసిన సంగతే గాని ఆ పిల్లతో చెప్పేది కాదు, అందుకని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మా పుట్టిల్లు బొబ్బిలి పక్క పల్లె, మెట్టినిల్లు కోటబొమ్మాళి. మెట్టినిల్లంటే పరాయి ఇల్లేమీ కాదు, మా నాన్న సొంత చెల్లెలి ఇల్లే. నా భర్త నాకు మేనత్త కొడుకు, పెళ్ళయ్యాక కూడా నేను ఆయన్ని బావా అనే పిలిచాను, ఆవిణ్ణి అత్తా అనే పిలిచాను. అప్పట్లో ఇంట్లో మేం ముగ్గురమే. బావ రైసుమిల్లులో గుమాస్తా. నాకు కుట్టుపని వచ్చు గనక ఊళ్ళో ఆడవాళ్ళకు కుట్టుమిషను నేర్పే బడిలో నన్ను టీచరుగా వేసుకున్నారు. ఓ పెంకుటింటి వసారాలో నాలుగైదు మిషన్లు, గోడకి ఆగిపోయిన గడియారం ఒకటి, మధ్యాహ్నం పొలం పనులు తెమిలాక వచ్చే పదిమంది ఆడవాళ్ళు, ఇదీ బడి. వాళ్ళకు నేను కుట్లు నేర్పిన మాట ఎలా ఉన్నా, మిషను మొరాయిస్తే ఎక్కడ చూడాలో, ఎక్కడ దారం చిక్కుకుంటుందో, ఏ కన్నంలో ఒక్క బొట్టు నూనె వెయ్యాలో, వాళ్ళతో పాటు నేనూ అక్కడే నేర్చుకున్నాను.

మా చిన్నన్నయ్య ఓడ మీద పని చేసేవాడు. ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు చీరా సెంటూ తెస్తాడనుకుంటే నాకు కెమెరా తెచ్చాడు. అందరికీ ఆశ్చర్యమే. నాకే ఎక్కువ ఆశ్చర్యం, ఎందుకంటే చిన్నప్పుడు బొబ్బిలి తిరణాల్లో ఫోటో స్టూడియో ముందు కదలకుండా నిలబడిపోయానని వాడికి అన్నాళ్ళూ గుర్తుందని నాకు తెలియదు. రీలు ఎక్కించడం, దించడం, వెలుగు వెనక ఉంటే ముఖం నల్లబడుతుందని చెప్పడం, అన్నీ వాడే నేర్పి వెళ్ళాడు.

రీలంటే ఇప్పటివాళ్ళకి తెలియదు గాని మీకు తెలుసు కదా. ఒక్కొక్క ఫోటో తీయడానికి ముందు ఎంత ఆలోచించేవాళ్ళం! తీసింది ఎలా వచ్చిందో శ్రీకాకుళం స్టూడియో నుంచి కవరు వచ్చేదాకా తెలియదు. ఆ కవరు విప్పడంలో ఉన్న గుండెదడ పరీక్ష ఫలితాల్లో కూడా ఉండదు. నేను కుట్టుబడి ఆడవాళ్ళను తీసేదాన్ని. వాళ్ళలో చాలామంది స్టూడియో గడప తొక్కినవాళ్ళు కాదు, మగవాడు గెడ్డం పట్టుకుని ముఖం ఇటు తిప్పు అటు తిప్పు అంటాడని వాళ్ళకు బెరుకు. నా ముందు ఆ బెరుకు లేదు. దారం నోటితో తెంపుతూ ఒకతె, బిడ్డను పక్కన నిద్రపుచ్చి కాలితో మిషను తొక్కుతూ ఒకతె, నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని ఒకతె, ఇలా తీశాను. అందులో దారం తెంపుతున్నామె ఫోటో ఒక వారపత్రికకు పంపితే అచ్చయింది. కింద నా పేరు కూడా వేశారు.

ఆ వారం మా వీధిలో ఆ పత్రిక చేతులు మారి మారి నలిగిపోయింది. బజారులో, స్టేషన్లో, మిల్లు దగ్గర అందరికీ తెలిసింది. మిల్లులో వాళ్ళు బావను 'ఫోటోల మేడమ్ గారి మొగుడు' అని పిలవడం మొదలుపెట్టారట. ఆ సంగతి ఆయనే ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను, అత్త కూడా నవ్వింది. ముగ్గురం నవ్వుకున్న ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. ఆయన నవ్వు మా నవ్వుల కన్నా ముందే ఆగిపోయిందేమో, అప్పుడు చూడలేదు.

ఆ తరవాత వానాకాలంలో ఒక రీలు పాడయింది. కొన్ని తెల్లగా మాడిపోయాయి, కొన్ని అసలు పడలేదు. విజయనగరంలో కెమెరాలు బాగుచేసే ఆయన ఉన్నాడని తెలిసి, బావే మిల్లుకు సెలవు పెట్టి పాసింజరులో నన్ను తీసుకువెళ్ళాడు. కెమెరాను తువ్వాలులో చుట్టి దారి పొడుగునా తన ఒళ్ళోనే పెట్టుకున్నాడు. ఆ రిపేరాయన వెనక తలుపు తీసి చూసి, రెక్కలకు నూనె పట్టిందమ్మా, లోపలి గ్రీజు ఎండలకి కరిగి పాకి ఉంటుంది, ఈ సముద్రం గాలి కూడా తోడయింది అని తుడిచి ఇచ్చాడు. మా బావ ఎంతో శ్రద్ధగా, మళ్ళీ రాకుండా ఏం చెయ్యాలండీ అని అడిగాడు. తిరిగి వచ్చేటప్పుడు నాకిష్టమని మామిడి తాండ్ర కొనిపెట్టాడు. ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడు అనుకుంటూ నేను ఆ తాండ్ర తిన్నాను.

చలికాలం వచ్చేసరికి ఆ పత్రికవాళ్ళు కబురు చేశారు. మా ప్రాంతం ఆడవాళ్ళ పనిపాటల మీద రెండు పేజీల నిండా ఫోటోలు వేస్తారట, నన్నే తీసి పంపమన్నారు. నేను నేల మీద నడవలేదంటే నమ్మండి. వారం సంతలో కూరలమ్మే వాళ్ళు, కళ్ళం దగ్గర ధాన్యం ఎగరబోసేవాళ్ళు, స్టేషన్లో జీడిపప్పు గంపలు దించేవాళ్ళు, వీళ్ళందరినీ పొద్దుటి ఎండ పలచగా ఉన్నప్పుడే తీయాలని అనుకున్నాను. తీసే పొద్దుటే ఎక్కిద్దామని కొత్త రీలు తెచ్చి సిద్ధంగా ఉంచుకున్నాను.

సంతకు వెళ్ళే ముందురోజు, బావ మిల్లుకు వెళ్ళాక, అత్త నా దగ్గరకు వచ్చి కూర్చుంది. ఆవిడ మాట్లాడే ముందు కొంగుచివర వేలికి చుట్టుకుని విప్పడం అలవాటు. చాలాసేపు చుట్టి విప్పి, అప్పుడు అంది.

"ఏటే పిల్లా, ఊరందరికీ తీస్తన్నావు, నాకూ ఒకటి తీద్దూ. నానొక్కద్దాన్నే ఉండాల. ఎనకాల మొగోళ్ళు, ముందర పిల్లలు, అలగొద్దు."

తీస్తానత్తా, ఇప్పుడే తీస్తాను అంటే, ఇప్పుడు కాదు, రేపు పొద్దున్న తానం చేసి మంచి సీర కట్టుకుంటాను అంది. మళ్ళీ గొంతు తగ్గించి, "మీ బావకి సెప్పకు. ఈ వయసులో దీనికేటి సోకు అని ఎక్కిరిస్తాడు. ఫోటో వచ్చినాక నానే సూపిస్తాను" అంది.

పెళ్ళయినప్పటినుంచీ ఆవిడకు ఫోటో అంటూ లేదు. మా పెళ్ళిలో తీసిన గుంపు ఫోటోలో మూడో వరసలో, ఎవరిదో భుజం చాటున సగం ముఖం కనిపిస్తుంది, అంతే. మర్నాడు పొద్దున్నే ముదురాకుపచ్చ నేతచీర కట్టుకుని, జుట్టు తడి ఆరకుండానే ముడి వేసుకుని, పెరట్లో చిక్కుడు పాదు పక్కన పీట వేసుకుని కూర్చుంది. బావ అప్పటికి ఏటి వైపు వెళ్ళాడు. ఆవిడ అంత నిటారుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎప్పుడూ ఏదో ఒక పని మీద వంగి ఉండే మనిషి కదా. నేను కొత్త రీలు ఎక్కించి ఒకటికి మూడు తీశాను. మీట నొక్కిన చప్పుడు ఎప్పటిలాగే వచ్చింది. వినడానికి ఏ తేడా లేదు.

తరవాత సంతకు వెళ్ళాను, ఆ మర్నాడు కళ్ళానికి వెళ్ళాను, స్టేషనుకు వెళ్ళాను. రీలు అయ్యాక బావే దాన్ని శ్రీకాకుళం తీసుకెళ్ళి ఇచ్చి, కడిగించి తెచ్చాడు. కవరులో ఫోటోలు లేవు. ఖాళీ నెగటివు చుట్ట ఒకటి ఉంది, అద్దంలా తెల్లగా, ఈ చివరినుంచి ఆ చివరికి ఒక్క మనిషి నీడైనా పడకుండా. నేను దాన్ని వెలుగుకు పట్టుకుని కూర్చుండిపోతే ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీలేవే. ఆ కెమెరా తీరే అంత. ఎన్నాళ్ళని దాని ఎనకాల పడతావు?" అన్నాడు.

పత్రికవాళ్ళు గడువు దాటనివ్వలేరు, ఆ పేజీలు వేరొకరికి ఇచ్చారు. మళ్ళీ ఎప్పుడూ నన్ను అడగలేదు, వాళ్ళను తప్పు పట్టలేను. అత్తకు ఎలా చెప్పాలా అని నేను మథనపడుతుంటే, ఆవిడే నా ముఖం చూసి గ్రహించి, "మరోపాలి తీద్దువులే, నానెక్కడికి పోతాను" అంది. అంతలోనే ఆవిడకు కామెర్లు వచ్చాయి. పసరు మందులన్నారు, టెక్కలి ఆస్పత్రన్నారు, శ్రీకాకుళం తీసుకెళ్ళారు. మాఘమాసం వెళ్ళకుండానే ఆవిడ వెళ్ళిపోయింది.

దినం నాటికి పటం కావాలి కదా. పెళ్ళినాటి గుంపు ఫోటోలోంచి ఆ సగం ముఖాన్ని కత్తిరించి, పెద్దది చేయించి, రెండో సగం స్టూడియో వాడి చేత కుంచెతో గీయించారు. అది చూసి మా నాన్న, మా చెల్లి ఇలా ఉండేది కాదురా అని పసిపిల్లవాడిలా ఏడ్చాడు.

వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయింది. కుట్టుబడికి ఇంకా వెళ్ళబుద్ధి కాక, ఒక పొద్దుట ఆ కెమెరా తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అత్త ఫోటో ఎందుకు రాలేదో నాకు తెలియాలి, అది తప్ప మరో ఆలోచన లేదు. వెనక తలుపు తీసి, చక్రం తిప్పి, ఆకాశం వైపు పట్టి నొక్కాను. చప్పుడు వచ్చింది, వెలుగు మాత్రం మెరవలేదు. ఎన్నిసార్లు నొక్కినా అంతే. విసిగి దాన్ని అరుగు మీద పెట్టి, వంటపనిలో పడి, మధ్యాహ్నం మళ్ళీ తీసి నొక్కితే మెరిసింది! మందంగా, బద్ధకంగా, అయినా మెరిసింది. మర్నాడు పొద్దుట మళ్ళీ పడలేదు. మధ్యాహ్నం ఎండ తగిలాక మళ్ళీ పడింది. చల్లదనానికి బిగిసి, వేడికి కరుగుతున్నదేదో లోపల ఉంది.

నేను మిషన్ల మనిషిని. మిషను నూనె ఎంత చలిలోనూ పేరుకోదు. కెమెరా గ్రీజు కూడా మధ్యాహ్నానికి కరిగి పొద్దుటికి గట్టిపడే రకం కాదు. మన ఇళ్ళల్లో చలికాలం పొద్దున్నే గట్టిపడేది ఒకటే, అది ఎవరికైనా తెలిసిందే. నేను పుల్లకు దూది చుట్టి ఆ రెక్కల మీద నెమ్మదిగా తిప్పి తీశాను. దూదికి తెల్లటి పలుకులు అంటుకున్నాయి, వాటిలో లేత ఆకుపచ్చ. వాసన చూశాను. కొబ్బరినూనె, అందులో మరిగించిన గుంటగలగరాకు.

మా ఇంట్లో ఆ నూనె రాసుకునే మనిషి ఒక్కరే. జుట్టు తొందరగా నెరుస్తోందని అత్త తన కొడుకు కోసం ప్రత్యేకం కాచి సీసాలో పోసి ఇచ్చేది, మేమిద్దరం మామూలు నూనే రాసుకునేవాళ్ళం. తల్లి పోయాక ఆయన తల గొరిగించుకున్నాడు గనక ఆ సీసా గూట్లో అలాగే పేరుకుపోయి ఉంది. ముందువైపు అద్దం దగ్గర నూనె జాడే లేదు. ఉన్నదంతా వెనకవైపు, తలుపు తీసి పుల్లతో అద్దితే తప్ప అంటని చోట. పైగా విజయనగరంలో తుడిపించిన తరవాత మళ్ళీ వచ్చింది. ఆ తువ్వాలు, ఆ ఒడి, ఆ తాండ్ర, అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

బావ నూతి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. నేను వెళ్ళి ఆ పుల్ల చూపించాను.

"బావా, ఇదేటి?"

"ఏటది?"

"నీ తలనూనె. కెమెరా రెక్కల మీదున్నాది."

ఆయన కాదంటాడనుకున్నాను. కాదంటే బాగుండునని కూడా అనుకున్నాను. గుండు మీది నీళ్ళు తుడుచుకుని, నా వైపు చూడకుండా, "బొట్టే కదే ఏసినాను. ఇరిసేసినానా, పగలగొట్టేసినానా?" అన్నాడు. తరవాత ఒక్కసారి గొంతు పెరిగింది. "మిల్లుకాడ నాకు పేరు నేకుండా పోనాది. కుర్రెదవలు కూడా ఫోటోల మేడమ్ మొగుడంతన్నారు. కొన్నాళ్ళు ఆగితే ఆళ్ళూ మర్సిపోతారు, నువ్వూ మర్సిపోతావనుకున్నాను. ఏటయిపోనాదిప్పుడు?"

"అందులో అత్త ఫోటో ఉన్నాది."

ఆయనకు అర్థం కాలేదు. ఏ అత్త అన్నట్టు చూశాడు. నేను చెప్పాను. ఆకుపచ్చ చీర, పీట, చిక్కుడు పాదు, నీకు చెప్పొద్దన్న మాట, అంతా చెప్పాను. ఆయన నూతి గట్టు మీద అలాగే కూర్చుండిపోయాడు. ఆయన ఏడిస్తే నేనూ పక్కన కూర్చుని ఏడ్చేదాన్నేమో, అక్కడితో కొంతైనా కడుక్కుపోయేదేమో. ఆయన తలెత్తి అన్న మాట ఇది:

"మరి నాకు సెప్పనేదేటి? మా అమ్మని తీస్తన్నానని ఒక్క ముక్క సెప్పుంటే నానలగ సేసుందునా? తప్పు నీది కాదేటి?"

జవాబు చెప్పడానికి అది ప్రశ్న కాదు. ఆ మాట అనడం వల్లనే ఆయన ఆ తరవాత బతకగలిగాడు, నేను దాన్ని వింటూ ఆయన పక్కన బతికాను.

పెట్రోలులో తడిపిన దూదితో రెక్కలు శుభ్రంగా తుడిచేశాను. షట్టరు బ్రహ్మాండంగా పనిచేసింది, చలిలోనూ ఎండలోనూ. కొన్నాళ్ళు మళ్ళీ తీశాను కూడా. బడినుంచి రాగానే కెమెరాను ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలకు దోపుకునేదాన్ని. నీళ్ళు పోసుకునేటప్పుడు కూడా దాన్ని తీసి బయట పెట్టేదాన్ని కాదు. పక్కనే పడుకునే మనిషి నుంచి ఒక వస్తువును దాచుకుంటూ బతకడం ఎంత అలుపో పడినవాళ్ళకే తెలుస్తుంది. ఒక దశలో ఫోటో తీయాలనే కోరిక కన్నా ఆ తాళంచెవి బరువే ఎక్కువైపోయింది. కెమెరాను చిన్నన్నయ్యకే తిరిగి ఇచ్చేశాను. ఎందుకని వాడు అడగలేదు, నా ముఖం చూసి తీసుకున్నాడు.

మా బావ చెడ్డవాడు అని మాత్రం అనుకోకండి, నేనే అనుకోలేకపోయాను. ఒక్కనాడు చెయ్యెత్తలేదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పక్క మీంచి లేవనివ్వకుండా అన్నం కలిపి పెట్టాడు. చాలా ఏళ్ళ తరవాత, పిల్లలు ఉద్యోగాల్లో కుదురుకున్నాక, విశాఖపట్నం నుంచి ఖరీదైన కొత్త కెమెరా తెచ్చి నా ముందు పెట్టి, అరుగు మీదకు వెళ్ళి కూర్చున్నాడు. నేను డబ్బా విప్పలేదు. అది క్షమాపణో, నష్టపరిహారమో, ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. రోజూ పొద్దున్నే ఆయన తల్లి పటానికి అగరొత్తి వెలిగించి, ఆ కుంచెతో గీసిన సగం వైపు చూడకుండా పక్కకు తిరిగేవాడు. ఆయన పోయినప్పుడు బంధువులంతా, దేవుడిలాంటి మొగుడితో కాపురం చేశావని నన్ను ఓదార్చారు. అవునన్నాను.

ఇప్పుడు కాలం ఎంత మారిపోయిందో చూస్తూనే ఉన్నాం. ఫోనులో వచ్చే ఆ టిక్కుమనే చప్పుడు కూడా ఉత్తుత్తిదేనట, లోపల కదిలే రెక్కలే లేవట, కనక ఎవరూ నూనె అద్దలేరు. సంతోషమే. అయినా మా వీధిలో మొన్నే కాపురానికొచ్చిన ఒక కోడలు, చక్కగా పాడుతూ వీడియోలు పెట్టేది, ఈ మధ్య మానేసింది. ఏమ్మా అంటే, ఆయనకు నచ్చడం లేదు పిన్నీ అని నవ్వేసింది. మన కాలంలో ఆ పని ఎవరికీ తెలియకుండా చేసేవారు. ఇప్పుడు నేరుగా చెబుతున్నారు, అదే అభివృద్ధి అనుకోవాలి.

అత్త పోయిన వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది. ఈ మధ్య కళ్ళు మూసుకుని ఆవిణ్ణి తలుచుకుంటుంటే గోడ మీది ఆ మసక ముఖమే ముందుకు వస్తోంది. ఎంత తోసినా పక్కకు తప్పుకోవడం లేదు. ఆ చీర రంగు గుర్తుంది, తడి జుట్టు గుర్తుంది. నవ్వితే ఆవిడకు ఏ బుగ్గ మీద సొట్ట పడేదో మాత్రం గుర్తు రావడం లేదు. అడుగుదామంటే, చూసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు.